ఎయిర్ ప్యూరిఫయర్‌కి బొట్టు పెట్టాను

నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్న వైనం చెబుతాను, వినండి. నవ్వితే నవ్వండి గానీ, చివర్లో ఏదో మంచి జరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆశ పెట్టుకునే నేనిలా అయ్యాను.

అప్పట్లో ఇందిరాపురంలో కాపురం, నోయిడాలో ఉద్యోగం. మా కంపెనీ ఎయిర్ ప్యూరిఫయర్లు తయారుచేసేది. ఢిల్లీ పక్కనుండి యూరప్‌కి శుభ్రమైన గాలి అమ్మడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మా యజమాని భాటియా గారికి రాలేదు. అక్కడి వ్యాపారి ఒకాయన ఆర్డరు ఇస్తానన్నాడు. కాకపోతే యంత్రం మీద సీఈ అనే గుర్తు ఉండాలి, అది వెయ్యాలంటే ల్యాబులో పరీక్షలు నెగ్గాలి. షాక్ కొట్టకూడదు, మంట రాకూడదు, లోపల సీసంలాంటి విషాలు ఉండకూడదు.

భాటియా గారు యంత్రాన్ని పసిబిడ్డలా నా చేతుల్లో పెట్టారు.

"ఒక్కటే పీసు ఉంది, రావ్ సాబ్. రేపు పొద్దున్నే ల్యాబులో ఇచ్చెయ్. పాసైతే నీ ఉద్యోగం పర్మనెంట్."

"ఫెయిలైతే సర్?"

"దోనో బాహర్. అదీ బయటికే, నువ్వూ బయటికే."

అంటే నా బతుకంతా ఆ డబ్బాలో ఉంది. ఇలాంటప్పుడు తెలివైనవాడు స్క్రూలు బిగించి చూసుకుంటాడు. నేను పూజ చేశాను. కొత్త స్కూటర్‌కి చేస్తాం, కొత్త ఫ్రిజ్‌కి చేస్తాం, సముద్రాలు దాటబోయేదానికి చెయ్యకపోతే ఎలా? నేను ఎంటెక్ చదివానని కూడా ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

పొద్దున్నే స్నానం చేసి దాన్ని దేవుడి గూటి ముందు పెట్టాను. మా ఆవిడ శైలజ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడిపోయింది.

"ఏవండీ, కరెంటు వస్తువుకి తడి పసుపేంటండీ?"

"పైపైనే రాస్తున్నాలే."

"మరి ఆన్ చేశారెందుకు?"

"దేవుడి ముందు తిరుగుతుంటే శుభం కదా."

"అది గాలి లాగుద్దండీ బాబూ! కుంకుమంతా లోపలికి పోతోంది!"

"అచ్ఛా, ఇంకా మంచిది. లోపల కూడా ఆశీర్వాదం."

కర్పూరం వెలిగించి హారతిచ్చి, కొబ్బరికాయ కూడా అక్కడే కొట్టాను. నీళ్లు ఎటు చిందాయో చూడలేదు, భక్తితో కళ్లు మూసుకుని ఉన్నాను. పైపైన తుడిచి, పెట్టెలో సర్ది, ల్యాబులో అప్పగించి వచ్చాను.

ల్యాబు మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేను భాటియా గారి గదిలోనే ఉన్నాను. ఆయన స్పీకర్ నొక్కారు.

"సర్, ఎక్కువ వోల్టేజి పెట్టి చూశాం. టప్పున పేలింది. తెరిస్తే బోర్డు మీద ఎర్రగా, పసుపుగా ముద్ద కట్టి ఉంది. ఏమిటది?"

భాటియా గారు నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఢిల్లీ దుమ్ము మేడమ్," అన్నాను.

"ఢిల్లీ దుమ్ముకి కర్పూరం వాసన రాదు సర్."

ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నా విషయంలో ఆ పూజారిని కూడా నేనే.

"ఇంకో సంగతి," అంది మేడమ్. "విషపదార్థాల పరీక్ష కూడా అయిపోయింది. మీ ప్లాస్టిక్ పాస్, వైర్లు పాస్, బోర్డు పాస్."

భాటియా గారి మొహం కాస్త విచ్చుకుంది.

"ఆ ఎర్రపొడి ఫెయిల్. దాన్నిండా సీసమే."

భాటియా గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నీరసంగా "ఘర్ జావో, రావ్ సాబ్," అని ఇంటికి పొమ్మన్నారు. ఇంకో పీసు తయారయ్యేదాకా ఆగనని ఆ వ్యాపారి వేరే కంపెనీ చూసుకున్నాడు. ఆర్డరు పోయింది, దాని వెనకే నేనూ పోయాను.

ఉద్యోగం పోయిన రోజు సాయంత్రం శైలజకి జరిగిందంతా చెప్పి, ఓదారుస్తుందేమోనని తలొంచుకుని కూర్చున్నాను. తను దేవుడి గూట్లోని కుంకుమ భరిణె వైపు చూసింది.

"డబ్బా లోపల కూడా ఆ కుంకుమ ఉండకూడదన్నారా?"

"ఊఁ."

"పెళ్లైన కాడ్నించీ నేను రోజూ పెట్టుకునేది అదేగదండీ."

నేను తలెత్తి తన నుదుటి వైపు చూశాను.

"అంటే యూరప్‌లో డబ్బాకున్న విలువ ఈ ఇంట్లో నా నుదుటికి లేదన్నమాట," అని లేచి, కుంకుమ భరిణె తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. ఉద్యోగం పోయిందన్న బాధ ఆ క్షణం నుంచి రెండో బాధ అయిపోయింది.

కాబట్టి పెద్దలందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ప్లగ్గు ఉన్న దేనికీ ఈ జన్మలో బొట్టు పెట్టను. స్విచ్ ఆపి, దూరంగా నిలబడి, ఒక్క నమస్కారం. మరీ మనసాగకపోతే ముందు బొట్టుని ల్యాబుకి పంపిస్తాను.