అత్తకు వినపడని పాట

దెయ్యాలూ లేవు, దర్శనాలూ లేవు అనుకునే మనిషిని నేను. క్రైస్తవ ఇంట పుట్టాను, ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టేదాన్ని కాదు. అయినా ఎవరైనా సాక్ష్యం చెబుతూ దేవుడు చెవిలో మాట్లాడాడంటే, తల వంచుకుని నవ్వు ఆపుకునేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు జంకాను.

పంతొమ్మిది వందల యాభైల మొదట్లో మా కోసిగి పక్క వానలు లేవు. బావులు ఎండాయి. మా ఆయన డోన్‌లో రైలు కట్ట పనికి పోయాడు. ఇంట్లో నేను, మా అత్త సువార్తమ్మ, ఏడాది నిండని నా కొడుకు ఏలియా మిగిలాం.

ఒకరోజు బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి కళ్లు లోతుకు పోయాయి. గడ్డి లేక ఊళ్లోవాళ్లు ఎద్దులను అమ్ముకున్నారు, ఇక బండి ఎక్కడిది? బిడ్డను భుజాన వేసుకుని ఆదోని ఆసుపత్రికి నడక మొదలుపెట్టాం.

దగ్గరి దారని చేలకు అడ్డం పడి బాట తప్పాం. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఎటు చూసినా ఒకటే. మిట్టమధ్యాహ్నానికి ముంతలో నీళ్లు అయిపోయాయి. బిడ్డ ఏడవడం కూడా మానేశాడు.

నేను కూలబడిపోయాను. "నీ దేవుడు యాడుండాడత్తా?" అని అరిచాను.

అత్త కోప్పడలేదు. నా పక్కనే మోకరించి, "తండ్రీ, మాకు దావ తెలీడం లేదు. చూపియ్యి" అంది. అంతే ప్రార్థన.

అప్పుడు విన్నాను. పాట! ఆడవాళ్లు గుంపుగా పాడుతున్నారు, తప్పెట దెబ్బతో సహా. మాటలు తెలియడం లేదు కానీ ఆ ఊపు మా ప్రార్థన కూటాల్లో పాడే ఊపే. గుట్ట అవతల నుంచి వస్తోంది.

"అత్తా, పాడతాండారు! మనుషులుండారు ఆడ!"

అత్త చెవి ఒగ్గి వింది. "నాకేమీ ఇనపల్లేదమ్మే" అంది. వెంటనే లేచి కొంగు బిగించింది. "నీకు ఇనపడతాండాది గదా. పా, నువ్వు ముందు నడువు."

నడిచామో, ఉరికామో! పాట దగ్గరవుతోంది, పెద్దదవుతోంది. గుట్ట తిరిగేసరికి చిన్న రాతి చర్చి. నేను మెట్టెక్కగానే పాట ఆగిపోయింది. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్క గుడిసెలోంచి చర్చి కాపలా ముసలాయన వచ్చాడు. బిడ్డను చూసి ఏమీ అడక్కుండా నీళ్లు తెచ్చాడు. అత్త కొంగు తడిపి బిడ్డ నోట్లో పిండింది. వాడు చప్పరించాడు! నాకు ప్రాణం లేచొచ్చింది.

"లోపల పాడినోళ్లు యాడికి పోయినారప్పా?" అని అడిగాను.

"పాటలు యాడివమ్మా? ఊరంతా సుగ్గికని, కోత పనులకు వలస పాయ. ఈ తలుపు తీసి శానా దినాలాయ."

నేను నమ్మలేదు. ఆయన తాళం తీసి చూపించాడు. నేలంతా దుమ్ము, ఒక్క అడుగు జాడ లేదు. మూలనున్న తప్పెట మీద సాలెగూడు.

ఆయన తనకు మిగిలిన ఒక్క ఎద్దుతోనే బండి కట్టి మమ్మల్ని ఆదోనికి చేర్చాడు. బిడ్డ బతికాడు. ఇప్పుడు వాడే తాత.

అంత నమ్మకమున్న నీకెందుకు వినపడలేదని తర్వాత అత్తను అడిగాను. "నాకెందుకమ్మే? నేను యట్లయినా నడిచేదాన్నే గదా" అంది.

ఆ మాట నాకు బాగానే అర్థమైంది. పాడిందెవరో మాత్రం ఈనాటికీ తెలియదు.