బాబాయి ఛుట్టీ

నా చిన్నప్పుడు, ఉత్తరాదిన జనక్‌పురిలో మా ఇంటికి వచ్చేవాళ్ళు యాపిల్ పండ్లతో పాటు బోలెడంత ధైర్యం కూడా పట్టుకొచ్చేవారు. అదంతా మా బాబాయి కోసం. నాన్నకి తమ్ముడు, ఫౌజీ, అంటే సైన్యంలో జవాను. తొంభైల మొదట్లో కొండదారిలో జీపు బోల్తాపడి వెన్నెముక దెబ్బతింది. మిలటరీ ఆస్పత్రిలో నెలల తరబడి ఉన్నాక, ఇక నడవలేడని చెప్పి పంపించారు. మాది కింది అంతస్తు కాబట్టి చక్రాల కుర్చీతో సహా మా ముందు గదిలోకి వచ్చేశాడు.

వచ్చినవాళ్ళందరికీ బాబాయి నవ్వుతూ కనిపించాలి. పాపం, కనిపించేవాడు. "ఇక నాకు చెప్పులు అరగవు, ఎంత ఆదా!" అని తనే జోకు వేసేవాడు. వాళ్ళు హమ్మయ్య అనుకుని, టీ తాగి, గేటు దగ్గర నిలబడి ఇతని గుండె నిబ్బరం గురించి చెప్పుకుంటూ వెళ్ళిపోయేవారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు తేలికపడి వెళ్ళేవారు. బాబాయి మాత్రం కళ్ళు మూసుకుని, అన్నం కూడా వద్దనేవాడు. ఆ గదిలోనే కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఎండాకాలంలో ఒక ఆదివారం. పొద్దున్నే నాన్న కుర్చీలోకి మార్చబోతే బాబాయి "వద్దన్నయ్యా" అని గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. టిఫిను ముట్టలేదు. అమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నాకు విపరీతమైన భయం వేసింది. నవ్వడం మానేస్తే బాబాయి చచ్చిపోతాడనే అనుకున్నాను. పరుగెత్తుకెళ్ళి పక్కింటి సుబేదార్ అంకుల్‌ని పిలుచుకొచ్చాను. ఆయన ఫౌజులోనే పనిచేసి రిటైరైన హర్యానా మనిషి. మాట పొదుపు.

ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ధైర్యం మాటే ఎత్తలేదు. "ఛుట్టీ చాహియే?" అన్నారు. సెలవు కావాలా అని.

బాబాయి ఇటు తిరగలేదు. "జీ సాబ్," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అందులో నవ్వు అస్సలు లేదు.

"శామ్ కీ చాయ్ తక్. మంజూర్."

సాయంత్రం టీ వేళ దాకా సెలవు ఇచ్చేశారన్నమాట. తర్వాత మమ్మల్ని పక్కకి పిలిచి హిందీలో విడమరిచి చెప్పారు. ఫౌజులో ఏ మనిషీ ఏడాది పొడుగునా డ్యూటీలో ఉండడట. సెలవు మీద వెళ్ళినవాడు పారిపోయినవాడు కాదట, తిరిగొచ్చే వేళ ఉన్నవాడట. అందుకని అంతవరకూ నవ్వమనీ, తినమనీ, గుండె దిటవు చేసుకోమనీ ఎవరూ అడగకూడదు. అమ్మతో మాత్రం, ఒంటికి సెలవు లేదు బేటీ అన్నారు. స్పర్శ లేని ఒళ్ళు ఒకే వైపు ఉంటే పుళ్ళు పడతాయి. ఆ రోజు కూడా వేళకి అమ్మా నాన్నా కలిసి బాబాయిని పక్కకి తిప్పారు.

అంకుల్ మా కుర్చీ ఒకటి తీసుకుని, ఆ వడగాడ్పులోనే గుమ్మం బయట పేపరు పట్టుకుని కూర్చున్నారు. యాపిల్ పండ్లతో చూడ్డానికి వచ్చేవాళ్ళు రానే వచ్చారు.

"జవాన్ ఛుట్టీ పర్ హై," అన్నారు అంకుల్.

"ఊరెళ్ళాడా?"

"నహీ, అందర్ హై."

లోపలే ఉన్నవాడు సెలవు మీద ఉండడమేమిటో వాళ్ళకి బోధపడలేదు. మూతి ముడుచుకుని వెళ్ళారు. పండ్లు మాత్రం అంకుల్ తీసుకున్నారు.

లోపల కూలర్ మోతలో బాబాయి ఏడుస్తున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను తలుపు తోసుకుని వెళ్ళబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. టీ వేళకి అంకుల్ తలుపు తట్టారు. "హాజిర్ సాబ్," అన్నాడు బాబాయి ఉబ్బిన కళ్ళతో, డ్యూటీకి తిరిగొచ్చి హాజరు వేయించుకుంటున్నట్టు. నవ్వలేదు. టీలో రస్కు ముంచుకుని తిన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజుతో అన్నీ కుదుటపడ్డాయంటే అబద్ధం. ఆ తర్వాత చాలా ఛుట్టీలే అయ్యాయి. అయితే సెలవు లేని రోజుల్లో బాబాయి నవ్వితే అది నిజంగా నవ్వే.

చలికాలంలో ఒక రోజు అమ్మ కూర సగం తరిగి, కత్తిపీట ముందే అలా కూర్చుండిపోయింది. బాబాయి చూసి కుర్చీ దగ్గరికి తోసుకొచ్చాడు.

"వదినా, ఛుట్టీ కావాలా?"

"నాకేటి ఛుట్టీ? వంటెవరు చేస్తారు?"

"టీ దాకా. మంజూర్."

అమ్మ లేచి గదిలోకి వెళ్ళి పడుకుంది. బాబాయి తన చక్రాల కుర్చీని ఆ గుమ్మానికి అడ్డంగా నిలిపాడు. జడ వేయించుకుందామని నేను దువ్వెన పట్టుకుని వస్తే, "మమ్మీ ఛుట్టీ పర్ హై, బేటా," అని వెనక్కి పంపేశాడు. నాన్న వండిన అన్నం ముద్దయిపోయింది. అందరం అదే తిన్నాం. అమ్మ కూడా అలిసిపోతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. నాకు చేతకాని రోజున, సాయంత్రం టీ దాకా అని చెప్పి నేనూ తలుపు వేసుకుంటాను. బాబాయి ఇంకా జనక్‌పురిలోనే ఉన్నాడు. మొన్న పొద్దున ఫోన్ చేస్తే, "ఇవాళ ఛుట్టీలో ఉన్నానమ్మా," అన్నాడు. ఎందుకని అడగలేదు. సరే బాబాయ్ అని పెట్టేశాను. పనంతా చేసుకుంటూనే గడియారం చూసుకుంటూ ఉండి, టీ వేళకి మళ్ళీ చేశాను. చాలాసేపు మోగింది.

"హాజిర్," అన్నాడు.