జకర్యాగారి ట్రయల్ రన్

లాలాగూడలో జకర్యాగారి గేటు దాటి లోపలికొచ్చిన మనిషి ఎవరైనా సరే, కుక్క బిస్కెట్ తినకుండా బయటపడడు. కుక్కల కోసం ఇంట్లో బిస్కెట్లు చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే ఉండొచ్చు. ఆ బిస్కెట్‌ను ముందొక మనిషి కొరికి, నమిలి, మింగి, రెండు నిమిషాలు కుదురుగా కూర్చుని చూపిస్తే తప్ప కుక్కకు పెట్టని మహానుభావుడు మాత్రం ఈయనొక్కరే.

ఎందుకలా అని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ముప్పై ఆరేళ్లు రైల్వే వర్క్‌షాపులో పెట్టెల చక్రాలు పరీక్ష చేసి రిటైరైన మనిషి. "బాగుచేసిన పెట్టెలో ముందే ప్రయాణికుల్ని ఎక్కించేస్తామా? ఖాళీగా ఓసారి నడిపి చూస్తాం. దాన్ని ట్రయల్ రన్ అంటారు. కుక్క నోరులేని ప్రయాణికుడండీ. ముందు బండి మనం నడపాలి," అంటారు. అంతకు ముందు ఇంకో పరీక్ష ఉంది. ఓవెన్‌లోంచి పళ్లెం దిగగానే ఒక్కొక్క బిస్కెట్‌నీ చెంచాతో కొట్టి చెవి ఒగ్గి వింటారు. టక్కుమంటే పాస్. మెత్తగా పలికితే మళ్లీ ఓవెన్‌లోకే.

ఆయన ఇంటి మేడ మీది వాటాలోకి అద్దెకొచ్చిన భవాని, వచ్చిన రెండో వారం ఆయన భార్య డోరా ఆంటీ గిన్నె తిరిగివ్వడానికి కిందికి దిగి, ఇలాగే దొరికిపోయింది.

"ఇదేంది అంకుల్?"

"రాగిపిండి, ఉడికించిన గుమ్మడికాయ, పల్లీల ముద్ద, ఒక గుడ్డు. ఉప్పు లేదు, చక్కెర లేదు. ఉల్లిపాయ ఛాయలకు కూడా రానివ్వను, కుక్కలకు పడదు."

"మంచిగనే ఉండొచ్చు గని, ఇది కుక్కది గద?"

"ఇంకా కాలేదమ్మాయ్. నువ్వు మింగాక అవుతుంది."

భవాని మింగింది. మర్నాడు ఆఫీసులో, "పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టండి అన్నట్టుంది మా ఓనర్ సంగతి," అని అందరికీ చెప్పి నవ్వించింది. తరువాత ఆరా తీస్తే కాలనీలో తనొక్కతే కాదని తెలిసింది. గ్యాస్ బండ తెచ్చేవాడు బండను గేటు బయటే దింపి పరుగందుకుంటున్నాడు. ఇంటి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు బిస్కెట్ చేతిలో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆ రోజు ప్రార్థన మామూలుకన్నా చాలా పొడుగు సాగిందట. రిటైర్డు హెడ్మిస్ట్రెస్ లీలాకుమారిగారికైతే ఆ రుచి మరిగింది. కుక్క లేకుండా కుక్క బిస్కెట్‌కు రావడం నామోషీ అని పక్కింటి పొమరేనియన్‌ను అరువు తెచ్చుకుని మరీ వస్తున్నారు.

నవ్వడానికి బాగానే ఉంది కానీ, మేడ మీద భవాని గోల భవానిది. ఆమె తండ్రి పర్వతాలు రెజిమెంటల్ బజార్‌లో నలభై ఏళ్లు కారప్పూస, మిక్చర్ అమ్మిన మనిషి. డాక్టరు బీపీ ఉందని ఉప్పు కోసేసి, షుగర్ ఉందని తీపి ఆపేసేసరికి ఆయన తిండి మీదే అలిగాడు.

"జెర తిను నాయినా."

"ఉప్పు లేని కూర తిననీకి నేనేమన్న బర్రెనా?"

అంతటితో పళ్లెం పక్కకు జరిగేది. అలా ఏడు కిలోలు తగ్గాడు. ఈ ఇంటికొచ్చిన మొదటి వారమే కళ్లు తిరిగి మెట్ల మీద పడ్డాడు. డాక్టరు ఈసారి గట్టిగానే చెప్పారు. నాలుగు నెలల్లో బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని. ఆ గొట్టం మాట తలుచుకుంటే చాలు, భవానికి ఆఫీసులో అంకెలు అలుక్కుపోయేవి.

పొద్దున్నే డబ్బాలో తిండి సర్ది వెళ్లేది. సాయంత్రం వచ్చేసరికి డబ్బా ఖాళీ. సంతోషించేలోపే పిట్టగోడ మీద కాకులు కనిపించేవి. కాకులు బాగా ఒళ్లు చేశాయి. అయితే విచిత్రం ఏమిటంటే, మూడో నెలకల్లా తండ్రి బుగ్గలు కూడా నిండుతున్నాయి. తిండేమో కాకులు తింటున్నాయి, చొక్కా గుండీలేమో తండ్రికి బిగుతవుతున్నాయి. భవానికి ఈ లెక్క ఎటునుంచి చూసినా అర్థం కాలేదు.

కచ్చితంగా దొంగచాటుగా బజారుకు పోయి మిర్చీలు తింటున్నాడనుకుంది. ఒకరోజు తండ్రి చెయ్యి పట్టుకుని వాసన చూసింది. నూనె వాసన లేదు, కారం వాసన లేదు. గుమ్మడికాయ వాసన.

"ఏందే, నా చెయ్యి గట్ల వాసన చూస్తున్నవ్?"

"ఏం లే నాయినా."

ఇక లాభం లేదని మర్నాడు సెలవు పెట్టి, ఆఫీసుకు పోయినట్టే పోయి, వెనక్కి వచ్చి మెట్ల మలుపులో నిలబడింది. సరిగ్గా పదకొండు గంటలకు పర్వతాలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, కిందికి దిగాడు. బజారు వైపు పోలేదు. కింది వరండాలో కుర్చీ లాక్కుని, డ్యూటీకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఇంటి కుక్క మోతీ అప్పటికే పెరటివైపు నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

జకర్యాగారు పళ్లెం తెచ్చారు. "పర్వతాలుగారూ, షురూ చేద్దామా?"

పర్వతాలు ఒక బిస్కెట్ తిన్నాడు. జకర్యాగారు గడియారం చూసి, రెండు నిమిషాలు ఆగి, ఇంకొక బిస్కెట్ మోతీ ముక్కు దగ్గర పెట్టారు. మోతీ మొహం పక్కకు తిప్పుకుంది.

"దానికింకా నమ్మకం కలగలేదండీ. మరొకటి కానివ్వండి."

"ఏందే మోతీ, గింత అనుమానమా? సూడు, నాకేం గాలే." రెండోది అయింది. మోతీ ఆవలించింది. మూడోది అయింది. మోతీ పడుకుంది.

"గొంతు తడారిపోతే పరీక్ష సరిగా తేలదండీ," అని జకర్యాగారు గ్లాసెడు మజ్జిగ ఇచ్చారు. తరువాత, గుడ్లు కొత్త దుకాణంలో కొన్నవి కనక విడిగా కూడా పరీక్షించాలన్నారు. పర్వతాలు ఉడకబెట్టిన గుడ్డు రెండు ముక్కల్లో పరీక్షించాడు. గుమ్మడికాయది కూడా అదే పేచీ వచ్చి, ఒక గిన్నెడు దాన్నీ పరీక్షించాడు. దేంట్లోనూ చిటికెడు ఉప్పు లేదు. ఒక్కదానికీ వంక పెట్టలేదు.

భవానికి మతిపోయింది. బంగారంలాంటి తిండి కాకులకు పోసి, తండ్రి కుక్క తిండి తినడమేమిటి? అంతకన్నా వింత మోతీది. ఇంట్లో చెప్పుల పట్టీలు కూడా వదలని జంతువు, ఇక్కడ బిస్కెట్ చూసి మొహం తిప్పుకోవడమేమిటి? నిలదీద్దామని పెరటివైపు నుంచి వంటింట్లోకి పోయింది. అక్కడ డోరా ఆంటీ కుక్క గిన్నె కడుగుతోంది. గిన్నె అడుగున బిస్కెట్ పొడి ఉంది.

"ఆంటీ, మోతీ ఇక్కడ తిన్నదా?"

డోరా వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "పదిన్నరకే పెట్టేస్తానమ్మా, పొట్ట నిండా. ఆకలి మీదుంటే మొదటి బిస్కెట్‌కే ఎగబడుతుంది. ఇంక మీ నాన్నగారు ఎన్ని తింటారు, ఒక్కటేగా?"

"మరి అంకుల్ రూలు?" అంది భవాని.

"ఏం రూలు? ఏళ్ల తరబడి కుక్కలకు తిన్నగానే పెట్టేవారు. మీ నాన్నగారు మెట్ల మీద పడ్డ రోజు చెయ్యి పట్టుకుని లేపింది మీ అంకులేగా. 'ఎముకలు చేతికి తగిలాయి డోరా, ఈయన జాలిపడి పెడితే తినడు, పని చెబితే తింటాడు' అన్నారు. మర్నాటి నుంచే ఈ ట్రయల్ రన్."

"మా నాయిన ఒక్కనికి పెట్టొచ్చు గద. పాస్టరుగారెందుకు, గ్యాస్ ఆయనెందుకు?"

"నేనూ అదే అడిగాను. ఒక్కడికే రూలు పెడితే ఆ ఒక్కడికీ అనుమానం వస్తుందట. అందరికీ పెడితే జకర్యాకు చాదస్తమని సరిపెట్టుకుంటారట."

ఆఫీసులో తను చెప్పిన రోకలి మాట గుర్తొచ్చి భవానికి సిగ్గేసింది. ఒక ముసలాయన ఒక్క పూట అన్నం తినడం కోసం, ఇంకో ముసలాయన కాలనీ అంతటితో పిచ్చివాడనిపించుకున్నాడు. అది కూడా బహు ఇష్టంగా. గబగబా వెళ్లి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తండ్రికి తెలిసిపోతుంది.

అంతలో ఇంకో గుడ్డు కోసం జకర్యాగారే లోపలికి వచ్చారు. భవానిని చూసి, భార్యను చూసి, సంగతి గ్రహించి, గోడకున్న క్యాలెండర్ వైపు చూపు తిప్పారు. వేల చక్రాలను పరీక్షించిన మనిషి, తను పరీక్షకు దొరికేసరికి తడబడ్డారు.

"ఆఫీసు లేదా అమ్మాయ్?"

"పోతున్న అంకుల్."

"ఒకటి తిని వెళ్లు."

భవాని మారుమాట లేకుండా తినేసింది.

గడువు రోజు రానే వచ్చింది. డాక్టరు పర్వతాలును తూకం మీద నిలబెట్టారు. అయిదు కిలోలు పెరిగాడు. డాక్టరుకు నమ్మకం కుదరక, తూకం చెడిపోయిందేమోనని తనే ఎక్కి చూసుకున్నారు. తూకం సరిగ్గానే ఉంది. రక్తపరీక్షల కాగితాలు రెండుసార్లు తిరగేశారు. షుగర్ అదుపులో ఉంది, బీపీ కూడా దిగింది.

"ఏం తింటున్నారండీ?"

"ఏం తింటలేను సార్," అన్నాడు పర్వతాలు ఛాతీ విరుచుకుని. "ఉప్పు లేని తిండి నేను ముట్ట. పొద్దుగాల కింద జెర డ్యూటీ ఉంటది, అది చేసుకొస్తున్న అంతే."

"ఏం డ్యూటీ?"

"టెస్టింగ్."

డాక్టరు భవాని వైపు తిరిగారు. "మీరేం పెడుతున్నారమ్మా?"

భవాని తండ్రి మొహం చూసింది. నాలుగు నెలలుగా ఓడిపోని మనిషిలా దర్జాగా కూర్చున్నాడు. "నేనైతే ఏం పెడ్తలేను సార్," అంది.

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. చివరికి కలం తీసుకుని, మందుల పేర్ల కింద, ఏమీ పెట్టకపోవడం మరో నెల ఇలాగే కొనసాగించమని రాసిచ్చారు.