ఎడమ భుజం దూది

గుప్పెడు దూది బరువెంతని అడిగితే ఎవరైనా నవ్వుతారు. నేను నవ్వలేను. వయసులో ఉన్నప్పటి నుంచీ దాన్నే మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు, నేను ద్రోహం చేసింది వాడికే. అందుకే ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి.

నాది దర్జీ పని. సాగర్ డ్యాము పనులు జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో నరసరావుపేటలో చొక్కాలు కుట్టేవాళ్ళు వీధివీధినా ఉండేవారు. కోటు కుట్టడం వచ్చినవాళ్ళు మాత్రం తక్కువ. నేను గుంటూరులో నేర్చుకుని వచ్చాను. ఆ పొగరు కాస్త ఉండేది. ఊళ్ళో నా అనేవాళ్ళు లేరు. దేవసహాయం ఉండేవాడు, అంతే. వాడు బడిపంతులు. ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. వాడు అన్నం వండితే నేను పచ్చడి నూరేవాణ్ణి. తిన్నాక బడిపిల్లల ముచ్చట్లు చెప్పేవాడు, వింటూ వింటూ నేను నిద్రలోకి జారుకునేవాణ్ణి. ఇంతోటి దానికేనా అంటారేమో. నాకు ఉన్నది అదొక్కటే మరి.

దేవసహాయం ఎడమ భుజం కిందికి వాలి ఉండేది. చిన్నప్పుడు మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో తండ్రి వెంట రాళ్ళు మోస్తూ పడ్డాడు. ఎముక విరిగితే నాటుకట్టు కట్టారు, అది వంకరగా అతుక్కుంది. చేతికి ఏ లోపమూ లేదు. బోర్డు మీద రాసేవాడు, బావిలో నీళ్ళు తోడేవాడు. కానీ నలుగురిలో నిలబడాల్సి వస్తే గోడ వెతుక్కునేవాడు.

గురజాల నుంచి వాడికో సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి హెడ్మాస్టరు. మా క్రైస్తవ కుటుంబాల్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్ల తరఫువాళ్ళు నేరుగా ఇంటికి రారు. ముందు ఆదివారం గుడికి వచ్చి, వెనక వరసలో కూర్చుని, ఆరాధన అయ్యేదాకా అబ్బాయిని చూస్తారు. నచ్చితేనే పలకరిస్తారు, లేకపోతే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కుతారు. అంటే అబ్బాయి మొహం కన్నా ముందు వీపు చూస్తారన్నమాట. వస్తున్నారని మా పాస్టరుగారి ద్వారా ముందే తెలిసింది. చేతిలో చెయ్యి వేసి దేవసహాయం నన్ను అడిగాడు, భుజం కనబడకుండా ఒక కోటు కుట్టిపెట్టమని.

గుడ్డ ఇద్దరం కలిసి ఎంచాం. ముదురు నీలం. కోటు గొప్పంతా భుజం దగ్గరే ఉంటుంది. నడుము వదులైతే పట్టొచ్చు, చెయ్యి పొడుగైతే మడవొచ్చు, భుజం కుదరకపోతే మాత్రం ఎంత ఖరీదు గుడ్డయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. నేను ఎడమ భుజంలో అస్తరు, అంటే లోపలి గుడ్డ, కింద దూది దట్టంగా పరిచి, కుడివైపు పలచగా పెట్టి, పైపైన కచ్చాకుట్టు వేసి వాడికి తొడిగి చూశాను. దుకాణంలో నిలువుటద్దం ఉండేది. వాడు అందులో చూసుకున్నాడు. పక్కకు తిరిగి చూసుకున్నాడు. చిన్న అద్దం ఒకటి చేతికిస్తే వెనక కూడా చూసుకున్నాడు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సంతోషించాల్సింది. నా పనితనానికైనా సంతోషించాల్సింది. నాకు భయమేసింది. వీడికి పెళ్ళయిపోతుంది, గురజాలకో మరో చోటికో వెళ్ళిపోతాడు, నేను ఆ గదిలో ఒక్కడికే అన్నం వండుకుని గోడవైపు తిరిగి తింటాను. ఆ బొమ్మ నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

శనివారం మధ్యాహ్నం వాడు క్షవరానికి వెళ్ళాడు. కోటు సిద్ధంగా వేలాడుతోంది. నేను ఎడమ భుజం అస్తరు విప్పి దూది తీసేశాను. అంతటితో ఆగానా? ఆ దూదే కుడి భుజంలో పెట్టాను. కుట్టు మళ్ళీ వేసి ఇస్త్రీ చేశాను. చేతులు వణకలేదు. ఇన్నేళ్ళుగా నన్ను నిద్రపోనివ్వనిది ఆ సంగతే. వాడి జీవితం పాడు చేయాలనుకున్నానా? లేదు. ఈ ఒక్క సంబంధం తప్పిపోతే చాలనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానేమో కూడా.

మా గదిలో ఉన్నది అరచేతంత అద్దం. ఆదివారం పొద్దున అందులో వాడికి తల దువ్వుకోవడమే కనిపించింది. సరిగ్గా ఉందా అని అడిగాడు. దివ్యంగా ఉందన్నాను. గుడిలో ఎన్నడూ లేనిది ముందు వరసలో, గోడకు దూరంగా, నిటారుగా నిలబడి పాటలు పాడాడు. నేను వాడి వెనకే ఉన్నాను. కుడి భుజం చెవి దాకా లేచి, ఎడమవైపు గుడ్డ ముడతలు పడి వేలాడుతోంది. హెడ్మాస్టరుగారు ఆఖరి ప్రార్థనకు ముందే లేచి వెళ్ళిపోయారు. అబ్బాయికి పక్షవాతం తగిలినట్టుందని తర్వాత పాస్టరుగారికి కబురు చేశారు.

ఆ కబురు విన్న సాయంత్రం దేవసహాయం కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నిజం చెప్పరా. తేడా కోటులో ఉందా, నాలోనా?"

"కోటులో ఏం తేడా లేదురా."

"అయితే నేనేగా."

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

"పోనీలే. నువ్వు మాత్రం ఏం జేస్తావు. చానా కష్టపడ్డావు."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. దూది తీసి చూపిస్తే నన్ను కొట్టేవాడు, తిట్టేవాడు, కానీ తన ఒంటిని తాను అసహ్యించుకునేవాడు కాదు. అది తెలిసే ఊరుకున్నాను. ఆ నెల తిరక్కుండానే వాడు ఈపూరు వైపు బదిలీ చేయించుకున్నాడు. తెలిసినవాళ్ళ మధ్య తిరగలేనన్నాడు. కోటు నాకే వదిలేశాడు. తర్వాత దూది ఎక్కడిదక్కడ పెట్టి కుట్టాను. మరొకరికి పనికిరాదని తెలిసి కూడా కుట్టాను. ఏ ఒంటరితనానికి భయపడి అంత పని చేశానో అది వాడు వెళ్ళిన రోజే వచ్చి గదిలో కూర్చుంది. ఇంకా లేవలేదు.

కొన్నేళ్ళకు శావల్యాపురంలో బస్సు కోసం నిలబడితే వాడు కనబడ్డాడు. ఎడమ భుజం మీద తువ్వాలు మడతలు పెట్టి ఎత్తుగా వేసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదట. మళ్ళీ ఎవరి ముందూ నిలబడాలనిపించలేదట. నవ్వుతూనే చెప్పాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించాడు. సన్నబడ్డావేందిరా, వండుకుని తింటున్నావా లేదా అని కోప్పడ్డాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఈపూరు ఎంత దూరమని? రోజూ బస్సులున్నాయి. వెళ్ళను. క్షమిస్తాడని భయం. క్షమించినంత మాత్రాన వాడు గడిపిన ఏళ్ళు వెనక్కి రావు, నా మనసు మాత్రం కుదుటపడుతుంది. అంత సుఖం నాకు దక్కకూడదు. ఇది రాస్తుంటేనే కాస్త ఊపిరి ఆడుతోంది, దానికే సిగ్గేస్తోంది.

పెళ్ళి తప్పిపోయేంత లోపం వాడిలో ఏదీ లేదు. తప్పించింది నేను. వాడికి చెప్పాల్సిన మాట ఇది. మీకు చెప్పాను.