మా పాలెంలో వీటో

అమెరికా అధ్యక్షుడు పొద్దున ఏం తిన్నాడో కూడా ఇప్పుడు టీవీలో చూపిస్తున్నారు గానీ, నాకు ఇరవై ఏళ్ళున్న ఆ రోజుల్లో, బోగోలు అవతల సముద్రం ఒడ్డునున్న మా పాలేనికి ఆయన సంగతులు తెలియాలంటే నేను చెప్పాల్సిందే. కావలిలో ఒక లైబ్రరీలో అటెండరుగా ఉండేవాణ్ణి. అమెరికా నుంచి ఊరికే వచ్చే నున్నటి కాగితాల పత్రికల దుమ్ము దులుపుతూ చదివేవాణ్ణి. ఆదివారం పాలేనికి వచ్చి, వలలు బాగుచేసుకునే వాళ్ళ మధ్య కూర్చుని చెప్పేవాణ్ణి. పత్రికది ఒక పాలు, నాది మూడు పాళ్ళు. (ఆయన మంచం పక్కన టెలిఫోను ఉంటుందని పత్రిక రాసింది. దాన్నెత్తి ఆయన ‘ఊఁ’ అంటే ఏడు సముద్రాల్లో ఓడలన్నీ ఒక్కసారిగా తల తిప్పుతాయని నేను చెప్పాను. కాదన్నవాడు లేడు.)

మా పాలేనికి అధ్యక్షుడు పెద్దకాపు. ఆయనా, తొమ్మిదిమంది పెద్దలూ కలిసి వేసే కట్టుబాటును దురాయి అంటారు. అమ్మవారి కొలుపు రోజున ఎవరూ వేటకు పోకూడదని దురాయి ఉండగా, మా మామ చీకటితో తెప్ప దించి నిండా వంజరం చేపలతో వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, మంచి చేపనొకటి పెద్దకాపు ఇంటికే పంపాడు. అది ఏ రోజు పట్టిన చేపో ఆయనకు తిన్న తర్వాత తెలిసింది. ఇంకేముంది, మామ ఇంటి మీద దురాయి పడింది. ఆయన తెప్పకు ఎవరూ భుజం పట్టరాదు, ఆ గడప ఎవరూ తొక్కరాదు, ఆ ఇంట పెళ్ళి మేళం మోగరాదు. ఆ ఇంటి పిల్లతోనే నా పెళ్ళి ఖాయమై ఉంది.

అయినా నా నోరు ఊరుకుంటేనా! ఒక ఆదివారం పెద్దకాపు తానే అడిగాడు. “ఒరే అబ్బయా, ఆ అమెరికా సైన్యమంతా ఆయన చేతిలోనేనా?”

“ఆయన చేతిలోనే తాతా. యుద్ధం చాటేది, డబ్బులిచ్చేది మాత్రం అక్కడి సభ.”

“ఆ సభోళ్ళు ఆయనకి నచ్చని చట్టం చేస్తే?”

“వీటో అంటాడు. చట్టం ఆడికాడికే ఆగిపోద్ది.”

“వీటో,” అన్నాడాయన, బెల్లం ముక్కను బుగ్గలో తిప్పుకున్నట్టు.

పై ఆదివారం పాలెం పందిట్లో పెద్దలు పంచాయితీకి కూర్చున్నారు. మా అత్త ఆ పెద్దల ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గర ఎన్ని కన్నీళ్ళు కార్చిందో గానీ, “పోనీలే, ఇంక దురాయి తీసేద్దాం” అన్నారు. నేను మనసులో తాళి కట్టేశాను. అప్పుడు పెద్దకాపు తలగుడ్డ సవరించుకుని లేచాడు.

“వీటో.”

అందరూ నావైపు తిరిగారు. “అదేందిరా?” అన్నారు. దాని అర్థం చెప్పి, నా పెళ్ళికి నా నోటితోనే నీళ్ళు వదలాల్సి వచ్చింది. మామ నన్ను చూసిన చూపుకు ఇసుకలో దూరిపోదామనిపించింది. అప్పుడు పత్రికలో ఆ పేజీ అడుగున ఉన్న ముక్క గుర్తొచ్చింది.

“కానీ తాతా, సభలో మూడింట రెండు వంతులమంది అదే మళ్ళీ కావాలంటే వీటో చెల్లదు.” (అక్కడ సభలు రెండు, రెండింట్లోనూ నెగ్గాలి. మాకున్నది ఒక్క పందిరి, నేను ఆ సంగతెత్తలేదు.)

“ఇది ఇప్పుడు కల్పించినావు గదరా?”

“ఒట్టు తాతా. ఇదొక్కటే కల్పించలేదు.”

పందిట్లో నవ్వారు. ఆయన నవ్వలేదు. “అంత సైన్యమున్నోడు, అట్టా చేతులెత్తితే గమ్మునుంటాడా?”

“ఉంటాడు తాతా. నాలుగేళ్ళకి జనం వద్దంటే ఇల్లు ఖాళీ చేసి పోతాడు గూడా.”

ఆయన పెద్దలవైపు తిరిగాడు. “అయితే ఎత్తండి చేతులు,” అన్నాడు.

ఐదు చేతులు లేచాయి. తొమ్మిదిమందిలో ఆరోది కావాలి. ఆయన సొంత తమ్ముడు, పుట్టి బుద్ధెరిగాక అన్న మాటకు అడ్డు చెప్పనివాడు, తల వంచుకునే చెయ్యెత్తాడు. పెద్దకాపు తమ్ముడి చేతిని చూశాడు, మా మామను చూశాడు, మెల్లగా కూర్చున్నాడు. అలలు లేచినా, గాలి తిరిగినా జంకని మనిషి అట్లా కూర్చోవడం చూసి మామ కూడా సంబరపడలేకపోయాడు.

ఆయన్ను అట్లా చూడలేక నేనే నోరు తెరిచాను. “తాతా, ఆ అమెరికా ఆయనకింకో అధికారముంది. ఉరిశిక్ష పడినోడిని గూడా క్షమించొచ్చు. దానికి ఎవుర్నీ అడగబన్లేదు.” (ఇది మొదటి ఆదివారమే చెప్పి ఉంటే ఇంత గొడవే లేదు. ఓడల పక్కన అది చప్పగా అనిపించింది.)

“సభని గూడా అడగబన్లేదా?”

“సభని గూడా.”

ఆయన మళ్ళీ లేచాడు. “చేతులు దించండ్రా. నేనే క్షమించినా,” అని మా మామవైపు తిరిగాడు. “ఏమయ్యా, తెప్ప ఎండిపోతా ఉంటే చూస్తా కూర్చున్నావే?”

మర్నాడు మామ తెప్పకు మొదటి భుజం ఆయనదే. ఆ నెలలోనే నా పెళ్ళయింది.

ఈ కథ పిల్లలకు నేను చెప్పిన ప్రతిసారీ అందులో ఏదో ఒకటి పెరుగుతూ ఉంటుంది. మా ఆవిడ చేపలు తోముతూ అంతా వింటుంది. “బావా, ఆ పొద్దు నువ్వు నిజం చెప్పకపోయుంటే నేనేమయ్యేదాన్ని?” అంటుంది. దానికి నేను తడుముకోకుండా చెప్పగలిగిన అబద్ధం ఇంతవరకూ ఒక్కటీ తట్టలేదు.