తురాయి మొదట్లో పుట్టగొడుగులు

మా ఎదురింటాయనకు ఒక తెల్ల కారు ఉంది. వారానికి రెండుసార్లు మోండా మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చే ఆ కారును ఆయన రోజూ పొద్దున గంటసేపు తుడుస్తాడు. కార్ఖానా ప్రాంతంలో మేం ఇల్లు కొనుక్కున్న మొదటి నెలలోనే ఆ కారు తరఫున మా గేటు దగ్గరికొచ్చాడు.

"మీ తురాయి చెట్టు ఆకులన్నీ మా బండి మీదే రాలుతున్నాయండీ. కొట్టించెయ్యండి, పీడా పోతుంది" అన్నాడు.

చెట్టు అప్పుడు నిక్షేపంగా ఉంది. కొట్టించనని చెప్పాను. ఆ తర్వాత ఆరేళ్లు ఆయన అడగడం, నేను కాదనడం. ఒకసారి చీమలన్నాడు, ఒకసారి కాకి రెట్టలన్నాడు, ఇంకోసారి మా చెట్టు వల్ల తనకు జలుబు చేసిందన్నాడు. అదే మనిషి ఎండాకాలం వస్తే రోడ్డు మీదికి వాలిన మా కొమ్మల కిందే కారు పెట్టుకునేవాడు. ఆకులకు జడిసే మనిషితో వాదనేమిటని నాలో నేను నవ్వుకునేదాన్ని.

నిరుడు వానలు మొదలయ్యాక మా ఇంట్లో పనిచేసే ఆమె చీపురు పట్టుకుని నన్ను బయటికి పిలిచింది.

"అమ్మా, జెర ఇటు సూడు. చెట్టు మొదట్ల పుట్టగొడుగులు లేస్తున్నయ్. మొన్ననే ఊడ్చి పారేసిన, మళ్ల వచ్చినయ్. గేటు సుత సక్కగ పడ్తలేదు. చెట్టు ఒరుగుతున్నట్టుంది."

"వానాకాలం కదా, వస్తాయిలే" అన్నాను, చూసీ చూడనట్టు.

గేటుకు మాత్రం వెల్డింగ్ అతన్ని పిలిపించి అంచు అరగదీయించాను. నెలకే మళ్లీ పట్టేసింది. మళ్లీ అరగదీయించాను. గేటుకు రెండుసార్లు వైద్యం చేయించిన నేను, దాన్ని నెడుతున్న చెట్టు వైపు ఒక్కసారి తల ఎత్తి చూడలేదు. చూస్తే కొట్టించాలేమో. కొట్టిస్తే ఎదురింటాయన గెలిచినట్టు. నా మొండితనానికి చెట్ల మీద ప్రేమ అని పేరు పెట్టుకుని తిరిగానంతే.

చివరికి ఆమే విసిగిపోయి, అల్వాల్‌లో చెట్లు కొట్టే పని చేసే తన మరిదిని వెంటబెట్టుకొచ్చింది. కట్టెల కోసం వచ్చాడనుకున్నాను. "ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా" అన్నాను కటువుగా.

"ఆకులు సూసుకుంట కూసుంటే ఎట్లమ్మా? మీదికి పచ్చగనే ఉంటది" అంటూ గొడ్డలి వెనకభాగంతో మాను మీద కొట్టాడు. "విన్నరా? గట్టి చెట్టు గిట్ల మోగదు. లోపలంత బోలు."

తర్వాత ఒక ఇనుప చువ్వ తీసి మొదట్లో గుచ్చాడు. అది జానెడు లోపలికి దిగిపోయింది. చెట్టు వెనక్కి తీసుకెళ్లి, నేలలో నా వేలు పట్టేంత పగులు చూపించాడు.

"పుట్టుకతోని వంగిన చెట్టుతోని తక్లీఫ్ లేదమ్మా. నిన్నటిదాక నిలువుగుండి ఇయ్యాల ఒరిగిందంటేనే పరేషాన్. వేర్లు లేస్తున్నయ్. పెద్దగాలి వస్తే రోడ్డు మీదనే పడతది."

ఆ రోడ్డు మీంచే పొద్దున బడిపిల్లల ఆటోలు పోతాయి. మర్నాడే చెట్టు కొట్టించే అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. చూడ్డానికొచ్చిన ఉద్యోగి స్కూటర్ దిగకుండానే, పుట్టగొడుగుల వైపు ఒక చూపు పడేసి సరేనన్నాడు.

కొమ్మలు దించడం షురూ కాగానే ఎదురింటాయన పరుగెత్తుకొచ్చాడు. సంతోషంతో అనుకున్నాను.

"ఇంత పచ్చని చెట్టు కొట్టించడానికి మీకు మనసెలా వచ్చిందండీ? ఎండాకాలం మా బండి ఎక్కడ పెట్టుకోవాలండీ?"

ఆరేళ్లు ఆ మనిషిని నా ప్రత్యర్థి అనుకున్నందుకు నాకే సిగ్గేసింది. ఆయన చూసింది కారును, నేను చూసింది ఆయన్ని. చెట్టును చూసింది దాని కింద రోజూ ఊడ్చే ఆమె ఒక్కతే. పని ఆపొద్దని పైనున్నవాళ్లకు సైగ చేశాను.

సాయంత్రానికి మాను నేలకూలింది. లోపల పిడికెడు కూడా గట్టి కట్టె లేదు. చెయ్యి పెడితే తడి పొట్టు రాలింది. ఎదురింటాయన వంగి ఆ బోలులోకి చూసి, కళ్లజోడు సరిచేసుకుని, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ" అన్నాడు.

పనామెకు మాత్రం, ముందే విని ఉండాల్సిందని చెప్పాను. "మీరెప్పుడు విన్నరమ్మా" అని ఆమె పొట్టు ఊడవడం మొదలుపెట్టింది. నేను తట్ట పట్టుకున్నాను.