పెళ్ళికి వచ్చిన మర్ఫా

నా పెళ్ళి నైజాం రాజ్యపు చివరి ఎండాకాలంలో జరిగింది. ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎక్కడ డప్పు మోగినా ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి పిల్లల్ని చంకనేసుకునేవారు. ఖాకీ బట్టల్లో ఊళ్ళ మీద పడి దోచుకునేవాళ్ళు వస్తున్నారని దానర్థం. అందుకే బాపు నా పెళ్ళికి మేళం వద్దన్నాడు. తాళి కట్టేటప్పుడు సన్నాయి ఒక్కటి చాలన్నాడు. ముహూర్తం కూడా పగటిపూటే పెట్టించాడు.

ఈ సంగతి పట్నంలో ఉన్న బాపు స్నేహితుడికి తెలియదు. ఆయన మా చింతపండు కొనే సాయబు. పెళ్ళికి తన కానుకగా మర్ఫా వాయించేవాళ్ళను పంపుతున్నానని ఎవరితోనో కబురు చేశాడట. ఆ కబురు మాకు చేరలేదు. మర్ఫా పట్నంలో హబ్షీల వాద్యం. వాళ్ళ పెద్దలను ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి నవాబు గుర్రపు దళంలో పెట్టుకున్నారు. ఆ కుటుంబాలవాళ్ళే పెళ్ళిళ్ళలో వాయించేవారు.

పెళ్ళిరోజు పొద్దెక్కినా కోహెడ నుంచి మగపెళ్ళివాళ్ళు రాలేదు. అమ్మ ఊరికే దర్వాజ దాకా పోయి వస్తోంది. అంతలో చిన్నాయన ఉరికొచ్చాడు. పట్నం తోవలో ఖాకీ కోట్లవాళ్ళు గుంపుగా దిగారని, చేతుల్లో కత్తులున్నాయని చెప్పాడు.

ఆడవాళ్ళందరం వడ్ల అర్రలో దూరాం. అమ్మ నా ఒంటి మీది నగలన్నీ తీసి వడ్లలోకి తోసేసింది. తలుపు సందులోంచి మగవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. వడిసెలలు, రాళ్ళు తెమ్మంటున్నారు. డప్పు కొట్టి పక్క ఊళ్ళను లేపుదామా అని ఒకరు అడిగితే, కొడితే రక్తం పారకుండా ఆగదని బాపు అన్నాడు.

అప్పుడే దూరంగా వాద్యం మొదలైంది. చిన్న డోళ్ళు వడివడిగా, పెద్దవి వాటి వెనకే బరువుగా. మధ్యలో ఇత్తడి బిందె మీద కట్టెతో కొడుతున్న చప్పుడు. పక్కన ముసలామె దేవుళ్ళను తలుచుకుంటోంది. నాకు మాత్రం ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టే ఉంది. రెండేళ్ళ కింద సాయబు బిడ్డ పెళ్ళిలో విన్నాను.

"అమ్మా, గిది పెండ్లి వాద్యమే," అన్నాను. "పట్నంల సాయబు ఇంట్ల విన్న."

"పక్కానా?"

పక్కానే అన్నాను. వాద్యం తెలుసుగానీ వాయించేవాళ్ళెవరో నాకేం తెలుసు. ఆ మాట పైకి చెబితే అమ్మ కదలదని తెలుసు. అమ్మ తలుపు తీసి, వడిసెలలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళను దాటుకుని ఒక్కతే తోవలోకి నడిచింది. నేనూ గడప దాకా పోయాను.

ముందున్న ముసలాయన అమ్మను చూసి వాయించడం ఆపాడు. డోలు నేల మీద పెట్టి రెండు చేతులూ చూపించాడు. సాయబు పంపాడనీ, లగ్గం ఇల్లు ఇదేనా అనీ అడిగాడు. వాళ్ళ ఖాకీ కోట్లు గుర్రపు దళంవి, నాట్యం చేసేటప్పుడు పట్టుకునే కత్తులు కట్టెవి.

భయం అంతటితో తీరలేదు. మగపెళ్ళివాళ్ళు ఇంకా రాలేదు. ఆ చప్పుడు వాళ్ళూ విని ఉంటారని బాపుకు తట్టింది. సన్నాయి ఊదే అతన్ని వెంటబెట్టుకుని కోహెడ బాటన పోయాడు. తోవ పొడుగునా సన్నాయి ఊదిస్తూ పోతే, సీతాఫలం పొదల వెనక నుంచి పెళ్ళికొడుకుతో సహా అందరూ ఒక్కొక్కరే బయటికి వచ్చారట. బండ్లు వదిలేసి దాక్కున్నారు. ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు పంచాంగం తిరగేసి మధ్యాహ్నానికి ఇంకొకటి చూశాడు.

మర్ఫావాళ్ళు కొద్దిసేపే, మెల్లగా వాయించారు. అన్నాల దగ్గర పెళ్ళికూతుర్నయినా నేనే వడ్డిస్తుంటే ముసలాయన నాతో అన్నాడు: "కత్తి జూస్తే దొంగలంటరు, వాద్యం ఇంటే పెండ్లంటరని కొట్టినం బిడ్డా. మాకూ భయమే అయింది, అయినా తాళం తప్పనియ్యలే."

వాళ్ళు పాడిన పాటకు అర్థమేమిటని అడిగాను. తనకూ తెలియదన్నాడు. తాత పాడాడు, తను పాడుతున్నాడు.

"మా తాతోళ్ళ ఊరోళ్ళను సగం మందిని ఇటు ఓడల ఎక్కించిండ్రట, సగం మందిని ఇంకో సముద్రం మీదికెల్లి కొంటవోయిండ్రట. వాళ్ళ పిల్లలు యాడున్నరో. వాళ్ళు గూడ ఇట్లనే కొడుతుండొచ్చు."

పొద్దు గూకకముందే వెళ్ళిపోయారు. పెద్ద అంబర్‌పేట దాటేదాకా మావాళ్ళు తోడు పోయారు.

వానాకాలం పోతూ పోతూ రాజ్యం మారింది. ఈసారి భయపడటం పట్నంలో సాయబు, మర్ఫావాళ్ళ వంతయింది. గుర్రపు దళం తీసేస్తారని విన్నాం. పట్నం నుంచి వచ్చే ప్రతి మాటా అమ్మను కుదిపేసేది. రోడ్లు తెరుచుకున్నాక బాపు వెళ్ళి వచ్చాడు. సాయబు బాగానే ఉన్నాడు. ముసలాయన కొడుకులిద్దరికీ దళంలో కొలువు పోయింది. ముసలాయన మాత్రం ఆ వారం కూడా ఎవరిదో పెళ్ళిలో వాయించి వచ్చాడట. అమ్మ ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.